ఆపి ఉన్న బండిలోంచి అడవిపందిని కాల్చవచ్చా? పొలం మాదే, తుపాకీకి లైసెన్సు ఉంది

ఖానాపూర్_మక్కరైతు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల్లో మక్క వేశాం. కంకి ఇప్పుడే పాలు పోసుకుంటోంది, సరిగ్గా ఈ అదనుకే పందులు దిగుతాయి. మొన్న రాత్రి ఒక మంద వచ్చి పోయింది. తెల్లారి చూస్తే అడవి వైపు గెట్టు నుంచి చేను నడిమి దాకా నేలమట్టం. అవి తినేది కొంతే, తొక్కి పడేసేది ఎక్కువ. చుట్టూ పాత చీరలు కట్టాం, డబ్బాలు కొట్టాం, పటాకులు కాల్చాం. కొన్నాళ్ళు బెదురుతాయి, తర్వాత అలవాటు పడిపోతాయి. మా నాన్నకు అరవై దాటాయి. ఈ చలిలో రాత్రంతా మంచె మీదే ఉంటున్నాడు. పంట కంటే ఆయన గురించే నాకు ఎక్కువ టెన్షన్.

మా బావది జగిత్యాల. ఆయన దగ్గర పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. లైసెన్సు ఉంది, రెన్యువల్ కూడా అయింది. ఆయన ఆలోచన ఏమిటంటే, తన బొలెరో పికప్ తెచ్చి చేని బాట మీద ఆపుతాడు. ఇంజిన్ బంద్, లైట్లు బంద్. క్యాబిన్‌లో కూర్చుంటే మనిషి వాసన బయటికి తక్కువ పోతుంది కాబట్టి పందులు దగ్గరికి వస్తాయి, అప్పుడు అద్దం దించి కాలుస్తాడు. "నడుస్తున్న బండిలోంచి వెంటపడి కాలిస్తే తప్పు. ఆపిన బండిలో కూర్చుంటే తప్పెట్లా అవుతుంది? అదీ మీ సొంత పొలంలో" అంటాడు. పందిని హానికర జంతువుగా ప్రకటించేశారు, ఎవరైనా కాల్చుకోవచ్చు అని ఊళ్ళో కొందరు అంటున్నారు.

బండి ఆగి ఉంటే చట్టం నిజంగా వేరుగా చూస్తుందా? బాట మీద కాకుండా చేను లోపల పెడితే తేడా ఉంటుందా? బావ బదులు నేను కాలిస్తే ఏమవుతుంది? అనుమతి కావాలంటే ఎవరిని అడగాలి? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి. కోతకు ఇంకా చాలా టైం ఉంది, అప్పటిదాకా చేను మిగలాలి.

గోదారి_ఒడ్డు

తమ్ముడూ, ఇంత ఆలోచించేది ఏముంది? పొలం నీది, బండి మీ బావది, తుపాకీకి కాగితం ఉంది. మా దిక్కు ఏటా నడిచే పనే ఇది. రాత్రి కొట్టడం, తెల్లారేలోపు కోసి పంచుకోవడం. ఆఫీసుల చుట్టూ తిరిగితే అనుమతి వచ్చేలోపు నీ మక్క పోతుంది. రైతు బాధ రైతుకే తెలుసు.

రిటైర్డ్_డిప్యూటీరేంజర్

ఖానాపూర్ తమ్ముడూ, పై సలహా పాటించకు. రైతు బాధ ఆయనకు తెలుసు, ఆ మాట కాదనను. కానీ ఆ సలహా వింటే నష్టపోయేది నువ్వూ, మీ బావా.

నేను అటవీశాఖలో డిప్యూటీ రేంజ్ ఆఫీసర్‌గా రిటైర్ అయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం పాత ఆదిలాబాద్ జిల్లాలోనే గడిచింది. పందులు పడ్డ చేలకు పంచనామా రాయడానికి ఎన్నో ఊళ్ళు తిరిగాను. చేను మధ్యలో నిలబడి మాట రాని రైతుల్ని చూశాను. అందుకే కోపంతో కాకుండా, నీ పంటా నువ్వూ ఇద్దరూ నిలవాలని రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదువు.

ముందు ఆ "హానికర జంతువు" మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 62వ సెక్షన్ ఉంది. దాని కింద ఒక జంతువును హానికరమని ప్రకటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి మాత్రమే ఉంది. అదీ ఫలానా ప్రాంతంలో, ఫలానా గడువు దాకా. 2015 చివరి నుంచి 2016 మధ్య దాకా బీహార్‌లో నీల్‌గాయ్‌కీ (మనుబోతుకు) అడవిపందికీ, ఉత్తరాఖండ్‌లో అడవిపందికీ, హిమాచల్‌లో కోతులకూ అలా నోటిఫికేషన్లు ఇచ్చారు. 2016లో బీహార్‌లోని మొకామాకు మన హైదరాబాద్ నుంచి షూటర్లు వెళ్ళి వందల నీల్‌గాయ్‌లను కాల్చారు. ఆ వార్త మన టీవీల్లో బాగా తిరిగింది. మనవాళ్ళలో చాలామందికి "కాల్చుకోవచ్చంట" అన్న మాట అక్కడే నాటుకుపోయింది. తెలంగాణలో పందికి అలాంటి నోటిఫికేషన్ లేదు. 2022 సవరణ తర్వాత, అంటే 2023 ఏప్రిల్ 1 నుంచి, అడవిపంది రెండో షెడ్యూల్లో, అంటే చట్టంలోని రక్షిత జంతువుల రెండో జాబితాలో ఉంది. రక్షణ ఉన్న జంతువే.

9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. గాయపరచడం, ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. గురి తప్పింది కదా, పంది పారిపోయింది కదా అంటే కుదరదు. గుండు నింపిన తుపాకీతో రాత్రి చేను పక్కన బండిలో కూర్చుని పంది కోసం చూస్తున్న మనిషి, ప్రయత్నం అనే మాటకు చాలా దగ్గరలో ఉన్నట్టే.

ఇక ఆపిన బండి సంగతి. మీ బావ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టలేదు, దానికి ఒక చరిత్ర ఉంది. 1972లో చట్టం వచ్చినప్పుడు లైసెన్సు మీద వేటకు ఇంకా అనుమతి ఉండేది. లైసెన్సు ఉన్నవాడు కూడా చేయకూడని పనులు 17వ సెక్షన్లో రాశారు. అందులో మొట్టమొదటిది ఇదే: చక్రాల బండి మీదనుంచి గానీ, యంత్రంతో నడిచే వాహనంలోంచి గానీ, దాని సాయంతో గానీ వేటాడకూడదు. బండితో జంతువులను తరమడం గురించి దాని కింద విడిగా ఇంకో నిబంధన ఉంది. ఈ రెండూ పక్కపక్కనే పెట్టి చదివితే విషయం తెలిసిపోతుంది. తరమడం గురించి వేరే రాశారంటే, మొదటి నిబంధన ఆపిన జీపులో కూర్చుని కాల్చేవాడికి కూడా వర్తిస్తుంది. రాత్రిపూట వేట, లైటు వేసి వేట, నీళ్ళ దగ్గర కాపు వేసి వేట కూడా ఆ సెక్షన్లోనే నిషేధించారు.

1991 సవరణలో 17వ సెక్షన్ తీసేశారు. దీన్ని పట్టుకుని "బండి నిబంధన ఎత్తేశారు, ఇక ఫర్వాలేదు" అనేవాళ్ళను చూశాను. జరిగింది దానికి పూర్తిగా ఎదురు. వేట లైసెన్సులనే రద్దు చేశారు, కాబట్టి లైసెన్సుదారుడికి పెట్టిన షరతులతో పని లేకుండా పోయింది. తలుపు తీసేసి గోడ కట్టాక గడియ ఎందుకు? ఈ రోజున నేల మీద నిలబడి కాల్చినా, మంచె మీదనుంచి కాల్చినా, ఆపిన బండిలోంచి కాల్చినా, రాతపూర్వక అనుమతి లేకపోతే మూడూ ఒకే నేరం. బండి చేను లోపల పెట్టినా అంతే. సొంత పొలమైనంత మాత్రాన పంది నీది కాదు.

అయితే బండి వల్ల ఇంకో తేడా వస్తుంది, అది మీ బావకు తప్పకుండా చెప్పు. 39వ సెక్షన్ ప్రకారం నేరానికి వాడగా సీజ్ చేసిన ఆయుధమే కాదు, వాహనం కూడా ప్రభుత్వ ఆస్తి అవుతుంది. ఈ చట్టంలో వాహనం అంటే ఎడ్లు, దున్నలు, గుర్రాలు, గాడిదలు కూడా వస్తాయి, నిర్వచనంలోనే రాసి ఉంది. ఇంక బొలెరో గురించి చెప్పాలా? మంచె మీదనుంచి పట్టుబడితే తుపాకీ పోతుంది. బండిలో పట్టుబడితే తుపాకీతో పాటు ఇంటి బతుకుతెరువు కూడా కేసులో ఇరుక్కుంటుంది. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే చీకట్లో పందనుకుని కాల్చింది చిరుతో ఎలుగుబంటో అయితే అవి మొదటి షెడ్యూల్ జంతువులు. అప్పుడు మూడేళ్ళ కంటే తక్కువ శిక్ష వేసే వీలు కోర్టుకు కూడా ఉండదు, ఏడేళ్ళ దాకా వెళ్ళవచ్చు. మీ ప్రాంతంలో చేలల్లోకి ఎలుగులు రావడం నీకు నేను చెప్పనక్కర్లేదు.

మీ ఊరికి ఇంకో సంగతి ఉంది. మీ పక్కనే కవ్వాల్. 2012లో టైగర్ రిజర్వ్ అయింది, అంతకు ముందు నుంచే అభయారణ్యం. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు ఉండే లైసెన్సు తుపాకీదారులు తమ పేర్లు వన్యప్రాణి అధికారుల దగ్గర నమోదు చేయించుకోవాలని 34వ సెక్షన్ చెబుతుంది. ఆ పరిధిలో కొత్త తుపాకీ లైసెన్సు ఇవ్వాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల పై అధికారి) సమ్మతి ఉండాలి. అభయారణ్యం లోపలికి ఆయుధంతో అడుగు పెట్టడమే తప్పు. చేని గెట్టుకూ అడవి హద్దు రాయికీ మధ్య ఎంత దూరం ఉందో పగలే నడిచి చూసుకోండి. రాత్రి గాయపడ్డ పంది హద్దు దాటుతుంది, దాని వెనక టార్చి పట్టుకుని మీరు దాటుతారు. ఆ అడుగుతో కేసు పెద్దదైపోతుంది.

మీ బావ లైసెన్సు కాగితం ఒకసారి తీసి చూడమను. ఏ అవసరానికి ఇచ్చారో, ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో అందులో రాసి ఉంటుంది. ఆత్మరక్షణకు ఇచ్చిన లైసెన్సు వేటకు అనుమతి కాదు. పంట రక్షణకే ఇచ్చిందైనా ఆయుధం దగ్గర పెట్టుకోవడానికి మాత్రమే అది అనుమతి. రక్షిత జంతువును కాల్చడానికి అటవీశాఖ కాగితం వేరే ఉండాలి. చెల్లుబాటు జగిత్యాల జిల్లా వరకే అయితే గోదావరి దాటి నిర్మల్ జిల్లాలోకి తేవడమే మొదటి తప్పు. ఇక నువ్వు కాల్చడం. ఆయన పక్కన ఉండగా ఆయన కోసం తుపాకీ మోయడానికి ఆయుధాల చట్టం ఒప్పుకుంటుంది. పేల్చడానికి ఒప్పుకోదు. నువ్వు ట్రిగ్గర్ నొక్కితే లైసెన్సు లేని ఆయుధం వాడినవాడివి నువ్వు, అప్పగించినవాడు ఆయన. ఇద్దరిమీదా కేసే.

అనుమతికి దారి ఉంది. 11వ సెక్షన్ ప్రకారం నిలిచి ఉన్న పంటకు నష్టం చేస్తున్న రెండో షెడ్యూల్ జంతువును వేటాడటానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాస్తూ లిఖిత ఉత్తర్వు ఇవ్వవచ్చు. మీ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వు. సాధారణంగా శాఖ జాబితాలో ఉన్న షూటర్‌నే పంపుతారు, బావమరుదుల్ని కాదు. ఎవరు కాల్చాలి, ఏ సర్వే నంబర్లలో, ఎప్పటిదాకా, ఏ ఆయుధంతో అన్నది ఉత్తర్వులో ఉంటుంది. దాన్ని దాటి చేసిన ప్రతిదీ అనుమతి లేకుండా చేసినట్టే. బండిలోంచి కాల్చడం గురించి అందులో ఒక్క మాట లేకపోతే "వద్దనలేదు కదా" అనుకోవద్దు. అడిగి రాయించుకోవాలి. 2018 నవంబర్‌లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని రాత్రిపూట వాహనంలోంచి కాల్చి చంపారు. అక్కడ పైనుంచి ఉత్తర్వు ఉంది. అయినా రాత్రి ఎందుకు కాల్చారు, పశువైద్యుడు పక్కన ఎందుకు లేడు, మత్తు ఇంజక్షన్ సరిగా ప్రయత్నించారా అని ఎన్ని ప్రశ్నలు వచ్చాయో, విచారణలు ఎలా నడిచాయో దేశమంతా చూసింది. ఉత్తర్వు ఉన్నవాళ్ళ పరిస్థితే అది.

చట్టం పక్కన పెట్టి ఒక్క మాట చెప్తాను. నాకు బండిలోంచి కాల్చడం ఎందుకు నచ్చదంటే, గుండు వెళ్ళే దారి. మంచె మీదనుంచి కాలిస్తే గుండు కిందికి వెళ్తుంది, పందిని దాటినా భూమిలో దిగుతుంది. పికప్ క్యాబిన్‌లో కూర్చుంటే నీ భుజం, పంది వీపు దాదాపు ఒక ఎత్తులో ఉంటాయి. తప్పిన గుండు నేలకు సమాంతరంగా పోతుంది. మక్క చేను గుండును ఆపదు, చూపును మాత్రం ఆపుతుంది. అవతలి చేనులో మీ నాన్నలాంటి మనిషే ఇంకొకరు కావలికి పడుకుని ఉంటారు. రాత్రిపూట ఏ చేనులో ఎవరు ఉన్నారో ఊళ్ళో ఎవరికీ పూర్తిగా తెలియదు. పందులకు పెట్టిన కరెంటు తీగలకు మనుషులు చనిపోయిన చోట్లకు నేను వెళ్ళాను. ఆ ఇళ్ళల్లో ఏడుపు విన్నాక, పంట కోసం చీకట్లో ఏ ప్రాణాంతకమైన పని చేసినా నాకు భయమే.

ఇంకొకటి. కిటికీలోంచి కాల్చేటప్పుడు తుపాకీ ఒక పక్కకే తిరుగుతుంది. పంది కదిలితే తొందరపడి కడుపులో కొడతారు. కడుపు దెబ్బ తిన్న పంది అక్కడే పడదు. తెల్లారేసరికి వాగు పొదల్లో ఉంటుంది, కట్టెలకో గడ్డికో వెళ్ళిన మనిషి మీదికి లేస్తుంది. మా రేంజ్‌లో ఒకామె తొడ అలాగే చీలింది. కాల్చినవాడు ఎవడో, దెబ్బ తిన్నది ఎవరో.

ఫ్రిస్కో_కరీంనగర్

నేను టెక్సాస్‌లో ఉంటాను, మాది కరీంనగర్. యూట్యూబ్‌లో ఇక్కడి పందుల వేట వీడియోలు చూసి మన ఊళ్ళో కూడా అలా చేయొచ్చనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని రాస్తున్నాను.

ఇక్కడ అడవిలో తిరిగే పందులు ఈ నేలకు చెందినవి కావు. పెంపుడు పందులు తప్పించుకుని పెరిగిన సంతతి, వేట కోసం యూరప్ నుంచి తెచ్చిన పందులతో కలిసిపోయింది. వాటికి చట్టరక్షణ లేదు. ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, ఆపిన ట్రక్కులోంచే కాదు, కదిలే ట్రక్కులోంచి కూడా కాల్చవచ్చు. పద్ధతి ప్రకారం అనుమతి తీసుకుంటే హెలికాప్టర్ మీదనుంచి కూడా కాలుస్తారు, 2011లో దానికి చట్టం చేశారు. కానీ పబ్లిక్ రోడ్డు మీద గానీ, రోడ్డు పక్కనున్న ప్రభుత్వ జాగాలో గానీ బండి ఆపి కాలిస్తే నేరమే. బండి ఆగిందా కదిలిందా అన్నది ఇక్కడ కూడా ప్రశ్న కాదు, ఎవరి భూమిలో ఉన్నావన్నదే ప్రశ్న.

మన పిల్లల కోసం ఒక ముఖ్యమైన హెచ్చరిక. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని సమ్మతితో పందిని కాల్చడానికి హంటింగ్ లైసెన్సు అక్కర్లేదు. అది విని హెచ్1బీ మీదో, ఎఫ్1 మీదో ఉన్న మనవాళ్ళు వీకెండ్ రాంచ్‌కు వెళ్ళి ఫ్రెండ్ తుపాకీ పట్టుకుంటున్నారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. దానికి ఉన్న కొన్ని మినహాయింపుల్లో మనలాంటివాళ్ళకు పనికొచ్చేది, ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటు అయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం. అంటే పంది కోసం రాష్ట్రం అడగని లైసెన్సే, నీ చేతిలో తుపాకీ ఉండటానికి అవసరం. అది కొనకుండా వెళ్ళి ఫొటో దిగి ఇన్‌స్టాలో పెడితే అది ఫెడరల్ నేరానికి సాక్ష్యం. వీసా, గ్రీన్‌కార్డు, అన్నీ పోతాయి. విజిటర్ వీసా మీద వచ్చిన తమ్ముడికో మామకో సరదాగా తుపాకీ ఇచ్చినా ఇదే కథ. వెళ్ళేముందు లైసెన్సు కొనండి, ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి అడగండి.

ఖానాపూర్_మక్కరైతు

అందరికీ ధన్యవాదాలు. డిప్యూటీ రేంజర్ సార్, మీరు రాసింది బావకు చదివి వినిపించాను. బండి పోతుందన్న దగ్గర ఆగిపోయాడు. ఆయనకు దాని మీద ఇంకా ఫైనాన్స్ కట్టాల్సి ఉంది. గుండు దారి గురించి మీరు రాసింది మా నాన్న రెండుసార్లు చదివించుకున్నాడు. మా చేను అవతల మా చిన్నాన్న వాళ్ళదే, ఆయనా రోజూ కావలికి వస్తాడు.

ఇంకో రెండు అడుగుతాను. అనుమతి మీద కాల్చిన పందిని ఏం చేయాలి? నాన్న మంచె దిగేటప్పుడు పంది మీదికి వస్తే ఏం చేయాలి? అప్పుడు కూడా కాగితం కావాలా?

జిల్లాకోర్టు_లాయరమ్మ

పై పెద్దాయన చెప్పినవాటిలో ఒక చిన్న సవరణ. వాహనం సీజ్ అయిన రోజే ప్రభుత్వానిది అయిపోదు. మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. నేరం రుజువయ్యాకే 39వ సెక్షన్ కింద అది ప్రభుత్వ ఆస్తి అవుతుంది, ఈలోపు మధ్యంతరంగా విడుదల చేసే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. ఇది విని ధైర్యం తెచ్చుకోవద్దు. విడుదల కోసం పిటిషన్, పూచీకత్తు, అమ్మకూడదు, రూపు మార్చకూడదు, పిలిచినప్పుడల్లా చూపించాలి అనే షరతులు. ఈ మధ్యలో బండి ఎండకు ఎండి వానకు తడుస్తూ ఉంటుంది, కిస్తీలు మాత్రం ఆగవు. నా దగ్గరికి వచ్చే రైతులకు వేట కేసు కంటే ఈ బండి బాధే ఎక్కువ.

అటవీ చట్టం ఒక్కటే కాదు. 2019లో ఆయుధాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఇతరుల ప్రాణానికి ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా తుపాకీ పేలిస్తే, ఎవరికీ తగలకపోయినా రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే తక్కువలో తక్కువ రెండేళ్ళు. ఎవరికైనా తగిలి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ళ దాకా వెళ్తుంది. చేని బాట పదిమంది నడిచేదైతే అక్కడ తుపాకీ బయటపెట్టి కూర్చోవడమే ఇంకో సమస్య. 2016 ఆయుధాల నిబంధనలు బహిరంగ ప్రదేశంలో దాన్ని పూర్తిగా కప్పి, అదుపులో ఉంచి తీసుకెళ్ళమంటాయి, పేల్చడాన్ని నిషేధిస్తాయి.

మీ నాన్నగారి ప్రశ్నకు: 11వ సెక్షన్లోనే రెండో ఉపసెక్షన్ ఉంది. తన ప్రాణాన్నో ఇంకొకరి ప్రాణాన్నో కాపాడుకోవడానికి మంచి మనసుతో జంతువును చంపినా గాయపరచినా నేరం కాదు, అందుకు ముందస్తు కాగితం అక్కర్లేదు. కానీ రెండు విషయాలు గుర్తుంచుకోండి. అది మనుషుల రక్షణకే, పంట రక్షణకు వర్తించదు. పైగా ఆ సమయానికి మనిషి ఈ చట్టాన్నే ఉల్లంఘించే పని మీద ఉంటే ఆ రక్షణ దక్కదు. అనుమతి లేకుండా వేటకు కూర్చుని, పంది మీదికొస్తే కాల్చాను అంటే కోర్టు వినదు. కర్రతో, గొడ్డలితో తప్పించుకున్న మీ నాన్నగారి మాట మాత్రం వింటుంది. జరిగిన వెంటనే ఫారెస్ట్ వాళ్ళకు ఫోన్ చేయండి. దాచిపెడితే మంచి కేసు కూడా చెడిపోతుంది.

గోదారి_ఒడ్డు

సార్ చెప్పింది చదివాను. చిరుతో ఎలుగో అయితే అన్న మాట నేను ఆలోచించలేదు. కానీ అమ్మా, ఒకటి చెప్పండి. కాగితం వచ్చేలోపు పంట పోతే ఆ రైతుకు దిక్కెవరు?

రిటైర్డ్_డిప్యూటీరేంజర్

లాయరమ్మ గారూ, సవరణకు ధన్యవాదాలు. అలా వివరంగా తెలియడం రైతులకే మంచిది.

గోదారి ఒడ్డు అన్నా, నీ ప్రశ్న న్యాయమైనది. ఆలస్యం జరుగుతుంది, నేను కాదనను. అందుకే పందులు దిగాక కాదు, కంకి వేయకముందే ఊరు మొత్తం కలిసి దరఖాస్తు పెట్టాలని నేను సర్వీసులో ఉన్నప్పుడు కూడా చెప్పేవాడిని. ఒక్క రైతు కాగితం బల్ల మీద ఆగుతుంది, ఊరి కాగితం ఆగదు. కేరళలో 2022లో ఈ ఉత్తర్వులిచ్చే అధికారాన్ని పంచాయతీ, మున్సిపాలిటీ అధ్యక్షుల స్థాయికి తెచ్చారు, సరిగ్గా ఈ ఆలస్యం తగ్గించడానికే. రైతు సంఘాలు పట్టుబట్టాల్సింది ఇలాంటి చోట. రాత్రి దొంగచాటుగా కాలిస్తే రికార్డుల్లో నష్టమే కనపడదు. నష్టం కనపడకపోతే నోటిఫికేషన్లు రావు, పరిహారాలు పెరగవు.

పంది కళేబరం సంగతి. 11వ సెక్షన్ కింద అనుమతితో కాల్చిన జంతువు కూడా ప్రభుత్వ ఆస్తే, అది 39లోనే ఉంది. పంచుకోవడం, అమ్మడం, కూర వండుకోవడం కుదరదు. ఫారెస్ట్ సిబ్బంది ముందు పంచనామా రాయించి పూడ్చిపెట్టాలి. వేట కేసులు మాంసం పంచుకునే దగ్గరే ఎక్కువగా బయటపడతాయి. ఒకరికి వాటా తక్కువ వస్తే ఆ ఒక్కరే ఫోన్ చేస్తారు.

పందుల మీద నాకు ద్వేషం లేదని కూడా చెప్పాలి. టెక్సాస్ తమ్ముడు చెప్పిన పందులు ఆ నేలకు పరాయివి. మనవి ఈ అడవివే. కవ్వాల్‌లో పులి నిలవాలంటే తినడానికి పందీ దుప్పీ ఉండాలి. అడవిలో తిండి ఉండి, చేను దగ్గర అడ్డం ఉంటే అవి అటే ఉంటాయి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు మక్క చుట్టూ నాలుగు వరుసలు ఆముదం వేయమంటున్నారు, పల్లీ చుట్టూ కుసుమ. ఆముదం వాసనకు మక్క వాసన తెలియదు, కుసుమ ముళ్ళు గుచ్చుకుంటాయి. నేను చూసిన చేలల్లో ఆముదం దట్టంగా మొలిచినచోట పని చేసింది, సందులు పడ్డచోట పందులు ఆ సందులోంచే వచ్చాయి. వచ్చే పంటకు మక్క కంటే ముందే ఆముదం విత్తు.

ఈ పంటకు మాత్రం రేపే ఈ పనులు చేయండి. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, పడిన చేనును నాలుగు మూలల నుంచీ ఫొటో తీయి. డెక్కల అడుగులు తడి నేలలో స్పష్టంగా ఉన్నచోట పక్కన చెయ్యి పెట్టి తీయి, పరిమాణం తెలుస్తుంది. తేదీ, లొకేషన్ పడేలా ఫోన్‌లో సెట్ చేసుకో. వ్యవసాయ విస్తరణ అధికారిని పిలిచి ఎంత మేర పోయిందో రాయించు. పట్టా పాస్‌బుక్ జిరాక్సు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు జతచేసి రెండు దరఖాస్తులు విడివిడిగా రాయి. ఒకటి పంట నష్టపరిహారానికి, ఇంకోటి 11వ సెక్షన్ కింద అనుమతికి. రెండూ ఒకే కాగితం మీద రాస్తే ఒకటి మాత్రమే కదులుతుంది. మీ చిన్నాన్న, పక్క చేలవాళ్ళు కూడా సంతకాలు పెట్టనీ. రేంజ్ ఆఫీసులో ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకో. ముద్ర లేకుండా ఇంటికి రావద్దు.

షూటర్ వస్తే నువ్వు అడగాల్సినవి ఉన్నాయి. మంచె మీదనుంచే కాల్చమను, మంచె అడవి వైపు గెట్టు మీద కాకుండా చేను లోపలి వైపు ఉంటే మంచిది, అప్పుడు గుండు ఊరి వైపు కాక అడవి గుట్ట వైపు దిగుతుంది. ఆ రాత్రి చుట్టుపక్కల చేలల్లో ఎవరూ ఉండకూడదని పొద్దున్నే ఇంటింటికీ చెప్పిరా. ఒట్టి దండోరాతో సరిపెట్టకు, చెవి వినపడని ముసలివాళ్ళు ఉంటారు.

అప్పటిదాకా నాన్నను ఒంటరిగా మంచె మీద పెట్టవద్దు. ఇద్దరు ఉండండి. సోలార్ కంచె వేసుకునే స్తోమత ఉంటే ఎనర్జైజర్ ఉన్నదే తీసుకో. అది క్షణకాలం షాక్ కొట్టి వదులుతుంది, పంది బెదిరి పోతుంది, ప్రాణం తీయదు. మోటారు స్టార్టర్ దగ్గర్నుంచి తీగ లాగి కంచెకు కలపమని ఎవరైనా చెబితే మాత్రం అస్సలు వినొద్దు.

ఖానాపూర్_మక్కరైతు

సార్, రెండు దరఖాస్తులు రాశాను. చిన్నాన్నతో పాటు గెట్టు పక్క రైతులు కూడా సంతకాలు పెట్టారు. రేపు సోమవారం రేంజ్ ఆఫీసుకు వెళ్తున్నాం. బావ కూడా వస్తానన్నాడు, తుపాకీ ఇంట్లో పెట్టి. తన లైసెన్సు తీసి చూస్తే ఆత్మరక్షణకు, జగిత్యాల జిల్లా వరకు అని ఉందట.

ఒక్కటి అడగడం మర్చిపోయాను. మాది తాతల పేరు మీద ఉన్న పట్టా, ఇంకా నా పేరుకు మారలేదు. దరఖాస్తు నాన్న పేరు మీద పెట్టాలా, నా పేరు మీద పెట్టినా నడుస్తుందా?

రిటైర్డ్_డిప్యూటీరేంజర్

సాగు చేస్తున్నది ఎవరో వాళ్ళ పేరు మీదే పెట్టు, మీ ఇంట్లో అయితే నాన్న పేరు మీద. తాత పేరున్న పాస్‌బుక్ జిరాక్సు, మీరే సాగు చేస్తున్నారని పంచాయతీ కార్యదర్శి రాసిచ్చిన కాగితం, వారసత్వ ధ్రువపత్రం ఉంటే అదీ జతచెయ్యి. అనుమతి దరఖాస్తుకు ఇది పెద్ద అడ్డం కాదు, పరిహారం దగ్గరే పేరు తేడా చూస్తారు. కార్యదర్శిని రేపు ఉదయమే కలిసి, ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళండి.